ఆమె కాలు బ్రేకు మీదే ఉంది

పొద్దున్నే ఐదున్నరకి మా వీధిలో ఒక హారన్ మోగేది. పెద్దగా ఏం కాదు, గొంతు సవరించుకున్నట్టు ఒక్కసారి. మావారు కారు బయటికి తీసేముందు హారన్, లైట్లు, బ్రేకు మూడూ చూసుకునేవారు. ఎదురింటి పిన్నిగారు ఆ హారన్‌కే లేచి పాలగిన్నె పొయ్యి మీద పెట్టేవారు. నేను టీ గ్లాసు పట్టుకుని వెళ్ళేసరికి ఈయన కారు తలుపు బార్లా తీసి, నేల మీద మోకాళ్ళు ఆనించి, తల లోపలికి దూర్చి పెడల్స్ తుడుస్తూ ఉండేవారు. అద్దాలు తుడిచేవాళ్ళని చాలామందిని చూశాను గానీ పెడల్స్ తుడిచే మనిషిని ఈయన్నొక్కరినే చూశాను. "టీ" అంటే చెయ్యి బయటికి వచ్చేది, తల వచ్చేది కాదు.

ఇప్పుడూ ఐదున్నరకే మెలకువ వస్తుంది. టీ పెట్టుకుని వంటింట్లో నిలబడే తాగేస్తాను. ఆరు కాకముందే పనంతా అయిపోతుంది. ఇంక రోజంతా మిగిలే ఉంటుంది. పిన్నిగారు ఫోన్‌లో అలారం పెట్టించుకున్నారు. "మీ ఆయన హారన్ మర్యాదగా లేపేదమ్మా. ఇది నెత్తిన మొట్టి లేపుతుంది" అంటారు. కారుని మావారి దగ్గర పని నేర్చుకున్న ఒకాయనకి ఇచ్చేశాను. అదే డ్రైవింగ్ స్కూల్ బోర్డు పెట్టుకుని ఆయనే నేర్పుతున్నాడు. ఏడింటికి మా వీధిలోంచే వెళ్తుంది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళను. వెళ్ళకపోయినా చప్పుడుని బట్టి తెలిసిపోతుంది, ఇవాళ కొత్తవాళ్ళెవరో స్టీరింగ్ దగ్గరున్నారు, క్లచ్ గభాల్న వదిలేస్తున్నారు అని. ఇన్నేళ్ళు ఆయన చెప్పగా విన్నదే.

మావారు ముందు లారీ నడిపారు. తరవాత పంతొమ్మిదేళ్ళు కారు నడపటం నేర్పారు. నేర్పే కారుకి పక్క సీటు వైపు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ బిగించి ఉంటాయి. అది మాస్టారి సీటు. ఆ సీట్లో కూర్చుని ఈయన రోడ్డు చూసేవారు కాదు. నేర్చుకునేవాళ్ళ కాళ్ళు చూసేవారు.

"రోడ్డు చూసే పని వాళ్ళది. మనిషి భయపడితే ముందు తెలిసేది కాలికి. చేతులు వణికేలోపు కాలు ఎప్పుడో వణికేసి ఉంటుంది" అనేవారు.

అందుకే మొదటి వారం చెప్పులూ బూట్లూ విప్పించేవారు. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, వట్టికాళ్ళతో నడపాల్సిందే. మనుషుల పేర్లు ఆయనకి గుర్తుండేవి కావు. కాళ్ళు, కాళ్ళకి తొడుక్కున్నవీ గుర్తుండేవి. "ఇవాళ నీలం చెప్పులాయన లైసెన్సు తెచ్చుకున్నాడు", "కర్రచెప్పులావిడ గేరు మార్చడానికి ముహూర్తం చూసుకుంటుంది" ఇలా ఉండేవి మా ఇంట్లో కబుర్లు. నేను కుట్టుమిషన్ తొక్కుతుంటే కూడా ఎదురుగా పీట వేసుకుని నా కాళ్ళే చూసేవారు. "ఎడం కాలు ఆలస్యంగా వస్తోంది, నిద్ర చాల్లేదా?" అని అడిగేవారు. నా మొహం చూసి అడిగితే బావుండునని ఒకప్పుడు ఉండేది. తరవాత్తరవాత అదే అలవాటైపోయింది.

అలా వచ్చిందే తెల్లబూట్లమ్మాయి కూడా. అమ్మాయంటే చిన్నపిల్లేం కాదు, ముప్పై ఐదు దాటిన మనిషి. ఆస్పత్రిలో నర్సు. ఆరేళ్ళుగా రాత్రి డ్యూటీలే. ఇంట్లో తనూ, తొమ్మిదేళ్ళ కూతురూ ఇద్దరే. తను డ్యూటీకి వెళ్తే పిల్ల పక్కింట్లో పడుకునేది. రెండేళ్ళ కిందట ఆస్పత్రివాళ్ళు ఇంటింటికీ తిరిగి మంచాన పడ్డవాళ్ళని చూసే పని ఒకటి కొత్తగా పెట్టారు. పగలే పని, కారు వాళ్ళే ఇస్తారు. ఒక్కటే షరతు, వచ్చే నెలాఖరులోపు లైసెన్సు చూపించాలి. ఈమె పరుగున మావారి దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, నా కూతురు రోజూ ఇంకొకరి దుప్పట్లో నిద్రపోతోంది. మీరేం చేస్తారో నాకు తెలీదు, నాకు నేర్పాలి" అంది.

"నేను చేసేదేముందమ్మా, ముందా బూట్లు విప్పు" అన్నారీయన.

చురుకైనదే. ఇరవయ్యో రోజుకల్లా ఊళ్ళోకి తీసుకెళ్ళారు. ఆ రోజు వాన పడి వెలిసింది. రైలు పట్టాల మీదుగా వంతెన ఉంటుంది కదా అన్ని ఊళ్ళకీ ఒకటి, అలాంటి వంతెనే మాకూ ఉంది. దాని ఎక్కుడులో బళ్ళు ఆగిపోయాయి. ఈమె కూడా ఆపింది. ఎత్తు మీద కారు ఆపి నిలపటం నేర్చుకునేవాళ్ళకి గండం. బ్రేకు వదిలితే వెనక్కి జారుతుంది. ఈయన ఆమె కాళ్ళకేసి చూస్తున్నారు.

వెనకనించి ధడాలుమని దెబ్బ తగిలింది. ఆ వెంటనే ఎవడో అరిచాడు, "వెనక్కొచ్చి గుద్దుతావా, కళ్ళు కనపడట్లేదా!" అని. ఈయన తలెత్తి, బెల్టు విప్పుకుని, దిగేలోపు ఆ బండి మిగతా బళ్ళ మధ్య సందు దొరకబుచ్చుకుని వెళ్ళిపోయింది. బంపరు నొక్కుకుపోయింది, వెనక లైటు ఒకటి పగిలింది. మనుషులకి ఏం కాలేదు.

ఏం కాలేదని నేను అంటున్నాను గానీ అయింది. ఆ అరుపు తెల్లబూట్లమ్మాయి చెవిలో ఉండిపోయింది. తన కాలే జారిందని, కారే వెనక్కి వెళ్ళి గుద్దిందని ఆమెకి నాటుకుపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఈయనే ఫోన్ చేస్తే, "వద్దు మాస్టారూ. ఇవాళ బంపరు పోయింది. రేపు వెనక ఎవరి పిల్లో ఉంటే?" అంది.

"కారు కదల్లేదమ్మా. నేను చూస్తూనే ఉన్నాను, నీ కాలు బ్రేకు మీదే ఉంది."

"మీరు మంచివారు కాబట్టి అలా అంటారు" అని పెట్టేసింది.

ఈయన ఫోన్ చేతిలో పట్టుకునే ఇంట్లోకి వచ్చేశారు. బూట్లు కూడా విప్పలేదు. ఇంట్లోకి బూట్లతో వచ్చిన రోజు మా కాపురంలో అదొక్కటే.

"వాడొక్కడు వచ్చి, తప్పు నాదేనమ్మా అని ఒక్క మాట అంటే చాలు. ఎవడో ఏంటో!" అన్నారు.

అలా మొదలైంది ఆ మనిషి కోసం వెతుకులాట. ముందు పోలీస్‌స్టేషన్‌కి వెళ్ళాం. నన్నూ రమ్మన్నారు, తోడుకి. అక్కడ ఫిర్యాదులు రాసుకునే రైటరుగారు కలం తెరిచి, "బండి నంబరు?" అన్నారు.

"చూడలేదండి."

"ఏం బండి?"

"చూడలేదండి. మా బంపరుకి తెల్లరంగు అంటుకుంది కాబట్టి తెల్లదై ఉంటుంది."

"నడిపినవాడు?"

"చూడలేదండి."

"మీరు డ్రైవింగ్ మాస్టారా?"

"పదిహేడేళ్ళనుంచి."

"మరి ఎటు చూస్తున్నారు మాస్టారూ?"

"ఆవిడ కాళ్ళకేసి చూస్తున్నానండి."

రైటరుగారు కలం కింద పెట్టారు. ఈయనకేసి చూశారు, ఈయన వెనక నిలబడ్డ నాకేసి చూశారు. "ఈవిడెవరు?"

"మా ఆవిడ."

"అమ్మా, మీరు విన్నారా ఈయన చెప్పింది?"

"విన్నానండి. ఆయన అంతేనండి. ఇంట్లో నా కాళ్ళూ చూస్తారు" అన్నాను. వెనక బల్ల మీద కూర్చున్న కానిస్టేబుల్ దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వెళ్ళిపోయాడు.

నవ్వులాట సరే, ఫిర్యాదులో ఏం రాయాలన్న దగ్గర ఈయన మొండికేశారు. రైటరుగారు "గుర్తు తెలియని తెల్ల వాహనం వెనకనుండి ఢీకొని ఆగకుండా పోయింది" అని రాసి ఇక్కడ సంతకం పెట్టండన్నారు.

"ఆమె కాలు బ్రేకు మీదే ఉందని కూడా రాయండి."

"కాళ్ళ సంగతి కేసులో ఎందుకండీ?"

"ఈ కేసే అదండీ. లైటు నేను వేయించుకుంటాను, బంపరు కొట్టించుకుంటాను. ఆ మాట లేకపోతే నాకు ఈ కాగితంతో పని లేదు."

చివరికి రాశారు. "ఆ సమయమున కారు ఆగి ఉన్నది. నేర్చుకొనుచున్న స్త్రీ కుడికాలు బ్రేకు మీద, ఎడమకాలు క్లచ్ మీద ఉండగా నేను నా కళ్ళతో చూచితిని." ఈయన దాన్ని రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టారు.

తరవాత రేకులు కొట్టే మేస్త్రి దగ్గరికి వెళ్ళాం. తెల్ల బండి ఏదైనా ముందు భాగం నొక్కుకుపోయి వచ్చిందా అని అడిగారు. "ఈ వారంలో ఆరొచ్చాయి మాస్టారూ, అన్నీ తెల్లవే. ఈ ఊళ్ళో అందరూ తెల్లకారే కొంటారు, అందరూ ముందునించే గుద్దుతారు" అన్నాడు మేస్త్రి. మా బంపరు తడిమి చూసి, "మీరెళ్ళి వాడికి తగిలినా, వాడొచ్చి మీకు తగిలినా సొట్ట ఇలాగే పడుతుంది. నువ్వొచ్చావా నేనొచ్చానా అని ఇనుముకి తెలీదు" అన్నాడు. ఆ మాటకి ఈయన మొహం చిన్నబోయింది.

ఆఖరికి ఆ వంతెన ఎక్కుడులో అదే వేళకి గొడుగేసుకుని నిలబడటం మొదలుపెట్టారు. పాఠాలయ్యాక వెళ్ళి గంట నిలబడేవారు. తెల్లకారు ఆగితే చాలు, వంగి ముందు భాగం చూసి, "బాబూ, ఐదో తారీకున ఇక్కడ ఒక కారుకి తగిలింది మీరేనా?" అని అడిగేవారు. ఏమైనా అనుకుంటారని కూడా లేదు. "మీరేనా అంటే అవునండీ నేనే అని చెప్పేవాడైతే ఆ రోజే ఆగేవాడు కదండీ" అని నేనంటే, "ఆ రోజు భయపడి ఉంటాడు. మనిషికి భయం తగ్గడానికి టైం పడుతుంది" అనేవారు. తనని గుద్ది పోయినవాడికి కూడా కాలు వణికే ఉంటుందని ఆయన లెక్క. ఒక ముసలాయన తెల్లకారు ఆపి, ఈయన అడిగింది సరిగ్గా వినపడక, ఇంటికి దింపమంటున్నారనుకుని ఎక్కించుకుని మా గుమ్మం దాకా తెచ్చి దింపారు. లోపలికి పిలిచి టీ ఇచ్చాను. ఇద్దరూ గంట కబుర్లు చెప్పుకున్నారు. వెళ్ళేటప్పుడు ఈయన ఆయన కారు ముందు భాగం కూడా వంగి చూశారు.

రెండు వారాలు గడిచాయి. పరీక్ష ఇంక ఆరు రోజులుంది. తెల్లబూట్లమ్మాయి రానే లేదు. మళ్ళీ రాత్రి డ్యూటీలకే పేరు రాయించుకుంటోందని తెలిసింది. ఈయన అన్నం దగ్గర కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నారు, తినటం లేదు.

"నేను చూశానంటే ఎందుకు నమ్మదే? నా అంత బాగా కాళ్ళు చూసేవాడెవడున్నాడు?" అన్నారు.

నాకు కాస్త చిరాకేసింది. "మీ గొప్ప మీకు తెలుసు, ఆమెకెలా తెలుస్తుంది? ఆ సీట్లో ఎప్పుడూ మీరొక్కరే కూర్చున్నారు. కాళ్ళు చూస్తే ఏం తెలుస్తుందో ఆమె ఎప్పుడైనా చూసిందా?" అన్నాను.

ఈయన చెయ్యి ఆగిపోయింది. నాకేసి చూశారు. ఈసారి మొహంకేసే చూశారు. "ఆదివారం నీకేం పని?" అన్నారు.

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో నాకు స్టీరింగ్ ముట్టుకోనిచ్చింది లేదు. ఇంట్లోవాళ్ళకి నేర్పితే ఇల్లు మిగలదని ఆయన సిద్ధాంతం. ఆ ఆదివారం పొద్దున్న గోడౌన్ల వెనక ఖాళీ జాగాలో, లారీలు సరుకు దించే చిన్న ఎత్తు మీద, నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టారు. తెల్లబూట్లమ్మాయిని నా మాట మీద రప్పించాం, ఆయన పిలిస్తే వచ్చేది కాదు. ఆమెని మాస్టారి సీట్లో కూర్చోబెట్టి ఈయన వెనక సీట్లోకి వెళ్ళారు.

"అక్కా, మీకు నడపటం వచ్చా?" అంది ఆమె.

"రాదమ్మా."

"మాస్టారూ!"

"దానికి రాకపోవడమే మనకి కావాలి. నీ వైపు బ్రేకుంది, నీ కాలు దాని మీదుంచు. రోడ్డు చూడకు. దాని కాళ్ళు చూడు. కారు కదలకముందే నాకు చెప్పాలి, ఆగుతుందా, జారుతుందా."

నేను చెప్పులు విడిచి పాదం బ్రేకు మీద పెట్టాను. చల్లగా తగిలింది. నొక్కమన్నప్పుడు నొక్కాను, వదలమన్నప్పుడు వదిలాను. మొదటిసారి కారు ఒక్కసారి వెనక్కి పోయేసరికి నేను కేకపెట్టాను, ఆమె తన వైపు బ్రేకు మీద రెండు కాళ్ళూ వేసి తొక్కేసింది. వెనకనించి ఈయన నవ్వు. "ఏమండీ, మీరు నవ్వితే నేను దిగిపోతాను" అన్నాను.

నాలుగైదు సార్లు ఆమె తప్పే చెప్పింది. కారు జారాక "జారుతుంది" అంది. తరవాత మెల్లగా ఒంగి చూడటం మొదలుపెట్టింది. నా మడమ నేలకి ఆని ఉందా, వేళ్ళు పెడల్‌లో మునిగాయా, చీలమండ దగ్గర నరం బిగిసిందా సడలిందా అన్నీ చూస్తోంది. రోగుల నాడి చూసే మనిషి కదా, పట్టు దొరికింది. "ఆగుతుంది" అంటే ఆగేది. "మాస్టారూ, ఇప్పుడు జారుతుంది, వేళ్ళు తేలుతున్నాయి" అంటే మరు క్షణం కారు కదిలేది. పన్నెండుసార్లు వరసగా కారుకన్నా ముందు చెప్పింది.

అప్పుడు ఈయన వెనకనించి నెమ్మదిగా అన్నారు. "ఆ రోజు వంతెన మీద నీ కాలు నేను చూశానమ్మా. మడమ నేల మీద ఉంది. వేళ్ళు పూర్తిగా మునిగి ఉన్నాయి. ఇక్కడ నరం తాడులా ఉంది. దెబ్బ తగిలినప్పుడు కూడా పైకి లేవలేదు. చెప్పు, కారు ఏమవుతుంది?"

ఆమె మళ్ళీ ఒంగింది. నా కాళ్ళకేసే చూస్తూ ఉంది.

"ఆగుతుంది మాస్టారూ" అంది చివరికి. "ఆగే ఉంది."

తలుపు తీసుకుని దిగి, చుట్టూ తిరిగి నా వైపు వచ్చింది. "అక్కా, దిగండి. టైం లేదు నాకు" అంది.

పరీక్ష నెగ్గింది. పరీక్ష పెట్టే ఆయన, "అస్తమానం నా కాళ్ళకేసి ఎందుకమ్మా చూస్తావు, రోడ్డు చూడు!" అని కసిరాడట. అది చెప్పి ఆమె నవ్వితే మావారు వారం రోజులు నవ్వారు. నెలాఖరుకి పగటి పని వచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల తల్లి పక్కనే పడుకుంటోంది.

ఇంక ఆ తెల్లకారు సంగతి వదిలేస్తారనుకున్నాను. వదల్లేదు. నెలకోసారి స్టేషన్‌కి వెళ్ళి "దొరికాడాండీ?" అని అడిగి వచ్చేవారు. రైటరుగారు కుర్చీ చూపించేవారు, నీళ్ళిచ్చేవారు, దొరకలేదనేవారు. "ఆమె నమ్మింది కదండీ, ఇంకెందుకు?" అని నేనంటే, "ఆమె నమ్మింది సరే. వాడు ఆమెని ఒక మాట అని పోయాడు. అది వాడే వెనక్కి తీసుకోవాలి, మనం తీసుకుంటే కుదరదు" అనేవారు.

ఈ ఎండాకాలంలో ఒకనాటి పొద్దున్న పాఠాలు ముగించుకుని వచ్చి, కాస్త నడుం వాలుస్తానని పడుకున్నారు. లేవలేదు. అంతే, అంతకన్నా రాయలేను. కబురందిన పావుగంటకి తెల్లబూట్లమ్మాయి కారేసుకుని వచ్చింది. ఆయన పాదాల దగ్గర కూర్చుని, దుప్పటి సరిగ్గా కప్పి, చాలాసేపు చెయ్యి అక్కడే ఉంచింది.

రెండు వారాల కిందట స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చాడు. ఆ రోజు దగ్గు నటించినవాడే. పాత ఫిర్యాదులన్నీ మూసేస్తున్నారట. ఆయన లేరు కాబట్టి భార్య సంతకం పెట్టాలట. కాగితం అచ్చు వేసి ఉంది, ఖాళీల్లో ఆయన పేరు చేత్తో నింపారు. నా చదువు ఏడో తరగతితో సరి. అచ్చు కాగితాలు కూడబలుక్కుని చదువుతాను. "నిందితుని ఆచూకీ తెలియరాలేదు" అని మొదటి వాక్యం. నిజమే. రెండోది, "ఫిర్యాదుదారునకు ఈ విషయమై ఇక ఆసక్తి లేదు." దాని కింద సంతకానికి గీత.

"ఈ రెండో మాట కొట్టేయొచ్చా బాబూ?" అన్నాను.

"అందరికీ అదే అచ్చండమ్మా. సంతకం లేకపోతే దీన్ని మూయటం కుదరదు. పదిహేను రోజుల్లో పెట్టి ఇచ్చేయండి, మీకూ ఒక పని అయిపోతుంది."

ఈ కొద్ది నెలల్లో చాలా కాగితాల మీద సంతకాలు పెట్టాను. బ్యాంకులో పెట్టాను, కారు పేరు మార్చడానికి పెట్టాను. అన్నిటిలోనూ ఆయన లేరని రాసి ఉంది. లేరు కాబట్టి పెట్టాను. ఆసక్తి లేదని మాత్రం ఎలా పెట్టేది? గొడుగేసుకుని వంతెన మీద నిలబడిన మనిషి. చనిపోయే ముందు వారం కూడా వెళ్ళి అడిగి వచ్చిన మనిషి.

తెల్లబూట్లమ్మాయికి చూపించాను. చదివి, మడిచి నా చేతికిచ్చింది. "మీ ఇష్టం అక్కా. ఎప్పటికైనా వాడు దొరికితే మాత్రం నన్ను పిలవమనండి" అంది.

ఇవాళ పదిహేనో రోజు. స్టేషన్‌లో కాగితాలు ఐదింటి వరకే తీసుకుంటారు. నాలుగున్నర అయింది. నడిస్తే పది నిమిషాలే. కాగితం బల్ల మీద ఉంది, పక్కనే కలం కూడా ఉంది. నేను ఆరిన బట్టలు తెచ్చుకుని మంచం మీద కూర్చుని మడతలు పెడుతున్నాను.